సగం పోలీసు కోటు జేబులు

పొద్దున్న ఏడున్నరకి ఆవిడ నీలం కోటు తొడుక్కుని వీధి మొదట్లోకి వచ్చేసరికే అక్కడ నలుగురైదుగురు కాచుకుని ఉంటారు. కళ్ళు చికిలించుకుంటూ ఒక పెద్దాయన, తలుపు దగ్గరగా వేసి పరిగెత్తుకొచ్చిన ఒక కోడలు, ఒక కాలికి మేజోడు లేని బడిపిల్ల. ఆవిడ జేబులో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీస్తుంది. కళ్ళజోడు పెద్దాయనకి, తాళంచెవి కోడలికి, మేజోడు పిల్లకి.

ఆవిడ తిరిగే ఎనిమిది వీధుల్లో ఏది పోయినా తెల్లారేసరికి ఆవిడ జేబులో ఉంటుంది. ఎలా వస్తుందని ఎవరూ అడగరు. కుళాయిలో నీళ్ళు ఎలా వస్తున్నాయని అడుగుతామా? రాకపోతే అడుగుతాం. మూలమీది టైలరు మాత్రం నెలకోసారి ఆ జేబులకి కుట్లు వేసిపెడుతూ, "ఇవి జేబులు కావమ్మా, గోనెసంచులు" అని సణుగుతాడు.

ఆవిడది పోలీసు శాఖలో ఉద్యోగమే, కానీ పోలీసు కాదు. లాఠీ లేదు, బేడీలు లేవు, ఎవర్నీ పట్టుకునే అధికారం లేదు. రమ్మంటే తప్ప ఒకరి గేటు లోపల కాలు పెట్టకూడదు. వీధులు తిరగడం, మంచీచెడ్డా కనుక్కోవడం, చూసింది చూసినట్టు స్టేషన్లో చెప్పడం, ఇంతే పని. అందుకే జనం సగం పోలీసు అని పేరు పెట్టారు. మిగతా సగం ఏమిటయ్యా అంటే "అత్తగారు" అనేవాడు టైలరు. ఆవిడా నవ్వేసేది.

పోయిన వస్తువు పోగొట్టుకున్నవాళ్ళ చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలని శాఖవారి రూలు. అందుకో పుస్తకం ఆవిడ బెల్టుకి కట్టి ఉంటుంది, పుస్తకానికి మూరెడు గొలుసుతో పెన్ను. పెన్ను పోయినా మళ్ళీ ఆ జేబులోకే వస్తుంది కదా, గొలుసెందుకూ అని అడక్కండి. ప్రభుత్వం పెన్నుని నమ్మదు.

ఒక మంగళవారం జేబులోంచి పాస్‌పోర్టు వచ్చింది. తెరిచి చూస్తే మేడింటి వంటమనిషి ఫోటో. వేరే దేశం నుంచి వచ్చి మూడో వీధిలో ఆ మేడలో వంట చేస్తోంది. నాలుగేళ్ళుగా వంటింటి కిటికీలో కనిపించేది తప్ప ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు.

సగం పోలీసు వెళ్ళి గేటు తట్టింది. మేడింటావిడే వచ్చింది.

"మీ వంటమ్మాయి పాస్‌పోర్టు దొరికిందండీ. ఒకసారి పిలుస్తారా?"

"అదెక్కడ పోయిందీ? మా బీరువాలో భద్రంగా ఉంటేనూ!"

"చూసి రండి."

వెళ్ళిన మనిషి మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది. "సరే, ఇటివ్వండి. నేనిస్తాను."

"పోగొట్టుకున్నవాళ్ళ చేతికే ఇవ్వాలండీ."

"పోగొట్టుకుంది నేనే. బీరువా నాది!"

"ఫోటో మీది కాదుగా."

గేటు ధడాలున పడింది.

స్టేషన్లో ఇనస్పెక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ వంటమనిషి ఫిర్యాదు చేసిందా?"

"మనిషిని చూడనిస్తేగా సార్, ఫిర్యాదు చేసేది!"

"నోటిమాటగానైనా ఫిర్యాదు ఉంటే క్షణాల్లో వస్తాను. లేకుండా ఆ ఇంట్లోకి నేనూ వెళ్ళలేను. నీ సంగతి సరేసరి."

ఆవిడ టైలరు కొట్లో కూలబడింది. "రోజూ ఆ ఇంటి ముందే నడిచాను. కిటికీలో కనిపిస్తే చెయ్యూపి పోయాను. సిగ్గేస్తోందయ్యా నాకు. అయినా ఇన్నాళ్ళూ రాని పాస్‌పోర్టు ఇవాళ ఎందుకొచ్చినట్టు?"

టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ ఆలోచించాడు. "ఇన్నాళ్ళూ తన కోసం దాచిపెట్టారనుకుని ఉంటుంది పాపం. ఇంక ఇవ్వరని రాత్రే తెలిసుంటుంది. అప్పుడేగా అది పోయినట్టు!"

మర్నాడు పొద్దున సగం పోలీసు వీధి మొదట్లో లేదు. మేడింటి గేటు ముందు నిలబడి ఉంది. కళ్ళజోళ్ళవాళ్ళు, తాళంచెవులవాళ్ళు, పిల్లలు, అందరూ వెతుక్కుంటూ అక్కడికే వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "ఇక్కడెందుకమ్మా ఇవాళ?" అని ఒకరు, "ఈ ఇంటి వంటమనిషి పాస్‌పోర్టట, తీసుకోవడానికి రానివ్వట్లేదట" అని ఇంకొకరు. గురువారానికి నలుగురు కాస్తా నలభైమంది అయ్యారు. ఏమీ పోనివాళ్ళు కూడా వచ్చారు.

శుక్రవారం మేడింటావిడ వల్ల కాలేదు. "మా పరువు బజారుకీడుస్తున్నారు! ఏయ్, వచ్చి ఆ సంతకం ఏదో పడేసి పో" అని లోపలికి అరిచింది.

వంటమనిషి వచ్చింది. చేతులకింకా పిండి ఉంది. గేటు ఊచల్లోంచి చెయ్యి చాపింది, పెన్ను అందలేదు. గొలుసు మూరెడే కదా, సగం పోలీసు నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

"నన్ను లోపలికి రమ్మంటారా?" సగం పోలీసు ఎంతో వినయంగా అడిగింది.

"ఎవరూ రానక్కర్లేదు!" అంటూ మేడింటావిడే విసురుగా గేటు గడియ తీసింది.

వంటమనిషి గడప దాటి వీధిలోకి వచ్చి, పాస్‌పోర్టు తీసుకుని, వంకరటింకరగా సంతకం పెట్టింది.

"అయిందిగా, పద లోపలికి" అంది మేడింటావిడ.

"ఒక్క నిమిషం. ఇంకో గడి మిగిలిపోయింది" అంది సగం పోలీసు. పుస్తకంలో నిజంగానే ఆ గడి ఉంది, ఇన్నేళ్ళలో దాన్ని నింపినవాళ్ళు లేరు. "ఇంకేమైనా పోయిందా తల్లీ?"

వంటమనిషి వెనక్కి తిరిగి మేడింటావిడ వంక చూసింది. తలొంచుకుంది. అందరూ ఎదురుచూశారు. ఆమె ఏమీ లేదని తల అడ్డంగా ఊపితే అంతటితో సరి, మళ్ళీ ఆ గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలీదు. బడిపిల్ల సగం పోలీసు కోటు అంచు గట్టిగా పట్టుకుంది.

"మూడేళ్ళకని వచ్చానక్కా" అంది చివరికి. "గడువైపోయి పద్నాలుగు నెలలైంది. ఇంటికి పోతానంటే పోనివ్వరు. గేటు దాటడం ఇవాళే."

సగం పోలీసు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. రాసిన కాగితం చింపి గుంపులో ఉన్న టైలరు చేతిలో పెట్టింది. టేపు మెడలో వేళ్ళాడుతుండగానే అతను స్టేషనుకి పరుగు తీశాడు.

"ఏమిటే నిలబడ్డావు? రా!" మేడింటావిడ చెయ్యి చాపింది.

సగం పోలీసు మధ్యలోకి వచ్చి నిలబడింది. "లోపలంతా మీదేనండీ, కాదన్లేదు. వీధి మాత్రం నాది. ఇక్కడ ఎవరి చెయ్యీ ఎవరూ లాగరు." ఆ గొంతు ఆ వీధికి కొత్త. వెనక నలభైమంది ఒక్క అడుగు ముందుకి జరిగారు. మేడింటావిడ చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఇంతలో జీపు వచ్చింది, ఇనస్పెక్టరు టోపీ సర్దుకుంటూ ఈసారి దర్జాగా గేటు దాటాడు.

 సగం పోలీసు వంటమనిషిని టైలరు కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి తన ఫోను ఇచ్చింది. నంబరు ఆమెకి నోటికొచ్చు. అవతల చిన్నపిల్ల గొంతు, ఎవరు అని అడిగింది.

"అమ్మనే, బంగారూ."

"ఎప్పుడొస్తావమ్మా?"

వంటమనిషి బిక్కమొహం వేసి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "రోజూ ఇదే అడిగేదక్కా. త్వరలో, త్వరలో అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గొచ్చి ఫోను చెయ్యడం మానేశాను. ఇప్పుడేం చెప్పను?"

"ఉన్నదే చెప్పు. బయల్దేరానని చెప్పు."

వంటమనిషి వీధిలో ఆనిన తన పాదాల వంక ఒకసారి చూసుకుంది. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది.

"బయల్దేరానమ్మా."