సెకన్ల ముల్లు

పాత వాచీల కొట్టతను మూడో డబ్బా తెరిచేసరికి టైలరుకి ఓపిక నశించింది. పెళ్ళిరోజుకి భార్యకి వాచీ కావాలన్న పాపానికి, అన్నీ గోరంత డయలున్నవే చూపిస్తున్నాడు.

"వీటిల్లో సెకన్ల ముల్లేదయ్యా?"

"సెకన్లెవరు చూస్తారండీ! ఆడవాళ్ళ చేతికి అందంగా ఉండాలి గానీ."

"మా ఆవిడ చూస్తుంది. ఆవిడ నర్సు. నీ అందం పెట్టుకుని నాడి చూడమంటావా?"

కొట్టతను బీరువా అడుగునుంచి మగవాళ్ళ వాచీ ఒకటి తీశాడు. ఎప్పటిదో, రోజూ కీ ఇవ్వాల్సింది. తెల్లటి డయలు, పెద్ద పెద్ద అంకెలు, ఎర్రటి సెకన్ల ముల్లు. టైలరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. భార్య మణికట్టుకి సరిపోయేలా బెల్టుకి తనే ఇంకో చిల్లు పొడిచాడు. ఆ కొలత ఆయనకి టేపు లేకుండానే తెలుసు.

ఇంట్లో ఆవిడ పొట్లం విప్పి పకపకా నవ్వింది. "మగాళ్ళ వాచీ తెచ్చారేంటండీ, మతిగానీ పోయిందా?"

టైలరు మొహం చిన్నబోయింది. అంతలో ఆవిడ చూపు ఎర్ర ముల్లు మీద పడింది. నవ్వు ఆపేసి, వాచీ పెట్టుకుని, ఆయన మణికట్టు పట్టుకుని లోలోపలే లెక్కపెట్టడం మొదలెట్టింది. ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చింది.

"ఎంత?" అన్నాడాయన.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏనాడూ లెక్క తప్పని మనిషి, "తప్పిపోయిందండీ, మళ్ళీ మొదట్నించీ" అంటూ ఆ చెయ్యి వదల్లేదు.