విఠల్ వాకిట్లో తంగేడు

తంగేడు చెట్టుకు ఎవరైనా ఎరువు వేస్తారా? కోరుట్లలో విఠల్ వేశాడు. పెంట ఎరువు, వేపపిండి వేసి, అదీ చాలదన్నట్టు జగిత్యాల దాకా పోయి యూరియా బస్తా మోసుకొచ్చాడు. పొద్దున ఓసారి, మాపున ఓసారి పైపుతో నీళ్లు పట్టాడు. గుట్టల మీద రాళ్ల సందుల్లో దానంతటది పెరిగే చెట్టుకు ఇంత సేవ జరగడం ఆ వాడలో ఎవరూ చూసి ఎరగరు.

అతని తప్పూ కాదనుకోండి. మస్కట్‌లో ఏళ్ల తరబడి రోడ్ల పక్కన గన్నేరు చెట్లు పెంచిన మనిషి. అక్కడి ఇసుకలో చెట్టు వాడిందా, పైఅధికారి చేత తిట్లు పడ్డట్టే. చెట్టు మీద ప్రేమ అంటే నీళ్లు పట్టడమేనని అతనికి అక్కడే నమ్మకం కుదిరింది.

ఆ ఏళ్లన్నీ బతుకమ్మ పండుగ రాగానే భార్య జమున ఫోన్లో ఒకే మాట చెప్పేది. "పొద్దుగాల్నే గుట్టకు పోయి తంగేడు పువ్వు తెచ్చుకున్న."

అంత దూరాన విఠల్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. పువ్వు తేవడం మగవాళ్ల పని, పేర్చడం ఆడవాళ్ల పని. తన పెళ్లాం ఒక్కతే కొంగు నడుముకు చెక్కుకుని రాళ్లెక్కుతున్నట్టు కళ్ల ముందు ఆడేది. అందుకే తిరిగొచ్చిన ఏడాదే తంగేడు గింజలు తెచ్చి గోడ వారన నాటాడు. ఊరుకున్నాడా, వాడంతా వినేలా మాట కూడా ఇచ్చాడు.

"వచ్చే యేడు సద్దుల బతుకమ్మకు జమున గుట్ట ఎక్కుడు లేదు. నా వాకిట్ల పువ్వుతోనే పేరుస్తది!"

ఏడాది తిరిగింది. చెట్టు ఏపుగా, పచ్చగా, మనిషెత్తు పెరిగింది. మొగ్గ మాత్రం వేయలేదు. ఎదురింటి శంకరవ్వ అరుగు మీద బీడీలు చుట్టుకుంటూ రోజూ ఓ చురక అంటించేది.

"ఓ విఠలూ, నీ తంగేడు గూడ మస్కటు పోయొచ్చినట్టున్నది. మస్తు బలిసింది గని పండుగను యాది మర్చింది."

విఠల్ పైకి నవ్వేవాడు, లోపల ఉడికిపోయేవాడు. ఇంకో బిందెడు ఎక్కువ పోసేవాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు ఆగాయి, ఆఫీసులకూ బడులకూ తాళాలు పడ్డాయి. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మోటరు నడవదు. విఠల్ పగలంతా చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చుని గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచి, ఇంటికొచ్చి బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి ఉరికేవాడు. ఓనాడు జమున అడ్డం వచ్చి బిందె గుంజుకుంది.

"ఊరంత బందు వెట్టింది. నీ చెట్టుకు గూడ బందే."

"ఎండిపోతది జమునా!"

"ఏం గాదు. జర దాని మానాన దాన్ని ఉండనియ్యి."

జమున చెప్పాక ఇక అప్పీలు లేదు. విఠల్ చెట్టు వైపు చూడకుండా టెంటుకు పోవడం నేర్చుకున్నాడు. కింది ఆకులు పసుపుబారి రాలుతుంటే, చేజేతులా చంపుకుంటున్నాననుకున్నాడు. పండుగ దగ్గర పడుతోంది. వాడలో తలెత్తుకు తిరిగేదెట్లా?

రేపు సద్దుల బతుకమ్మ అనగా పొద్దున్నే శంకరవ్వ కేక వేసింది.

"ఓ విఠలూ, బయటికి రా! నీ సమ్మె చెట్టు పూసింది!"

నిజమే. పై కొమ్మల కొసన పసుపుపచ్చని పూలు! విఠల్ పట్టలేని సంతోషంతో వాకిట్లో రెండు గంతులు వేశాడు. కానీ ఎంత వెతికినా దోసెడు పూలే. దోసెడుతో బతుకమ్మ మొదటి వరుస కూడా నిండదు. అతని మొహం వాడిపోయింది.

"మాట పోయింది జమునా. నువ్వు ఇంట్లుండు, నేనే గుట్టకు పోయి తెస్త."

"నేనెందుకుంట? గుట్టకు పోవుడు నాకు కష్టమని నీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే గద, యేటేటా ఫోన్ల..."

"పోయిన అని చెప్పిన. కష్టమైందన్ననా? ఆడోళ్లందరం నవ్వుకుంట పోతుంటిమి. మీద నిలవడి చూస్తే ఊరంత కనవడేది. పక్కన నువ్వుంటే మంచిగుండు అనిపిస్తుండె. గందుకే నీకు చెప్తుంటి."

విఠల్‌కు అప్పుడు అర్థమైంది. అన్నేళ్లు తనను రమ్మని పిలిచిన పిలుపును, తను కష్టాల కథ అనుకుని విన్నాడు. సిగ్గేసింది, అంతకు మించి సంతోషం కలిగింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ గంప పట్టుకుని గుట్టెక్కారు. తంగేడు విరగబూసి ఉంది. జమున వేలు చాపి ఇది మన వాడ, అది మన గోడ అని చూపించింది. విఠల్ గంపను నెత్తిన పెట్టుకుని దిగాడు. సాయంత్రం సిరిసిల్ల చీర కట్టుకుని, జమున చౌరస్తాలో టెంటు ముందర బతుకమ్మను దించింది. కింది వరుసలన్నీ గుట్ట పూలు. అన్నిటికంటే పైన ఇంటి చెట్టు దోసెడు పూలు. విఠల్ వాటినే చూస్తూ నిలబడ్డాడు.

శంకరవ్వ వచ్చి భుజం తట్టింది. "ఇగ నీళ్లు పొయ్యకు కొడుకా. వచ్చే యేడు చెట్టంత పూస్తది. మీకు గుట్ట ఎక్కే పనే ఉండదు."

"గట్లనా అవ్వా? అయితే రేపటి సంది మళ్ల నీళ్లు పోస్త" అన్నాడు విఠల్.