గట్టు మీది నారుకట్టలు

నేను ఒక పరీక్ష అట్టను. పదో తరగతి పరీక్షలకు దమయంతి నన్ను కొనుక్కుని నాలుగు మూలలా పసుపు రాసింది. లెక్కల్లో మార్కులు తగ్గాయని నన్నే విసిరికొట్టింది. మనుషుల భక్తి అంతే. అయినా పట్నంలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్తూ నన్నే వెంట తీసుకెళ్ళింది.

ఆమెది కష్టమైన పని. ఎవరికైనా మెదడు చనిపోయిందని డాక్టర్లు తేల్చాక, ఆ మనిషి ఇంటివాళ్ళను అవయవాలు ఇస్తారా అని అడగాలి.

ఒక ఉదయం వీరవేణి, ఆమె బావగారు అబ్బులు వచ్చి కూర్చున్నారు. వీరవేణి భర్త గంగరాజు రైతు. బండి మీంచి పడ్డాడు. దమయంతి నా మీదున్న అచ్చు కాగితం చదివింది: "మీరు ఒప్పుకోకపోతే ఐదుగురు చనిపోవచ్చు."

అబ్బులు దిగ్గున లేచాడు. "మా ఓణ్ణి పోగొట్టుకుని మేమేడుత్తుంటే, ఆళ్ళ సావులు కూడా మా నెత్తినెడతారేంటండీ?"

ఆ వాక్యం రాసినవాళ్ళు ఇలా ఎవరి ఎదుటా కూర్చుని ఉండరు. దమయంతి పెన్ను తీసి దాన్ని కొట్టేసింది. ఆ గీత కాగితం దాటి నా ఒంట్లోకి దిగింది.

"తప్పయిందండీ," అంది. పెన్ను పక్కన పెట్టి, "ఆయనెలాంటి మనిషమ్మా?" అని అడిగింది.

వీరవేణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊడ్పులయ్యాక మిగిలిన నారుకట్టలు గట్టు మీద పెట్టేసొచ్చేవోరండి. ఎవరికి చాలకపోతే ఆళ్ళు పట్టుకెళ్ళేవోరు. ఎవరని కూడా అడిగేవోరు కాదు."

"నేను తిట్టేవోణ్ణండి," అన్నాడు అబ్బులు. "అమ్ముకోరా ఎర్రోడా అంటే, 'పీకిన నారు ఎంతసేపుంటది అన్నయ్యా' అనేవోడు..." అంటూనే ఆగిపోయాడు.



"ఈయన ఒంట్లోయీ అంతేనా అండి, ఎంతోసేపుండవా?" అంది వీరవేణి.

"అంతేనమ్మా. ఇస్తే ఐదుగురు బతకొచ్చు. వద్దన్నా మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు."

"మనిషిని మనిషిలాగే అప్పగిత్తారా?"

"చక్కగా కుట్టి అప్పగిస్తారు. నేను దగ్గరుంటాను."

వీరవేణి అబ్బులు వైపు తిరిగింది. "పెట్టేద్దాం బావగారూ, గట్టు మీద."

అబ్బులు తలగుడ్డలో ముఖం దాచుకుని, "నీ ఇట్టం అమ్మా," అన్నాడు.

ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని సంతకం చేసింది. అక్షరం అక్షరానికీ ఆగుతూ, నొక్కి నొక్కి రాసింది. ఆ అక్షరాలూ నా ఒంట్లోకి దిగాయి. నాకు నొప్పి అనిపించలేదు.

నాటిన నారు పచ్చబడటానికి వారం పడుతుందట. ఎనిమిదో రోజున వీరవేణి ఫోన్ చేసింది. ఎవరికిచ్చారో పేర్లు అడగలేదు.

"పచ్చబడ్డాయా అండి?"

"నాలుగు పచ్చబడ్డాయమ్మా. ఒకటి ఇంకా..." దమయంతి నా క్లిప్పును నొక్కుతూ, వదులుతూ ఉంది.

"కొత్త నేల కదండీ, టైం పడద్ది. మీరు బెంగెట్టుకోకండి," అని వీరవేణే ఓదార్చింది.

ఇప్పుడు నా క్లిప్పు తుప్పు పట్టింది. దమయంతికి కొత్త అట్ట ఇచ్చారు, నేను బీరువాలో ఉంటున్నాను. కొత్తవాళ్ళెవరైనా ఆ పనిలో చేరితే ఆమె నన్ను బయటికి తీసి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూపిస్తుంది. పైన కొట్టేసిన గీత. కింద, కాస్త వంకరగా, వీరవేణి.