గాలివైపు ముప్పై వరసలు

రంపంవాడు కోస్తున్న చెట్టు కాదు, దాని పక్కది. గాలికి వేళ్లతో సహా లేచి అతని నడుం మీద పడింది. ఎనిమిదిమంది గునపాలు పెట్టి ఎత్తేసరికి ఊపిరి ఆగిపోయింది.

"ఇంత గాలిలో కోత వద్దని పొద్దున్నే మొత్తుకున్నాం కదయ్యా!" అన్నాడు గొడ్డలివాడు.

మేస్త్రీ టోపీ సర్దుకున్నాడు. "గాలి ఎప్పుడు లేస్తుందో నాకేమైనా కలొచ్చిందా? శవాన్ని పక్కకి లాగి పని మొదలెట్టండి."

సుత్తక్క అక్కడే ఉంది. కోయాల్సిన చెట్లకు సుత్తితో ముద్ర కొట్టడం ఆమె ఉద్యోగం. ఆ ముద్ర లేని చెట్టును ముట్టుకోవడానికి వీల్లేదు. మాటలతో ఎవర్నీ విసిగించని మనిషికి సుత్తి పేరేమిటని కూలీలు నవ్వుకునేవాళ్లు. ఆమె ఇప్పుడు శవాన్ని చూడటం లేదు. బోసిపోయిన కొండవాలుకేసి చూస్తోంది.

సాయంత్రం కూలీల షెడ్డులో శవం చుట్టూ రెండు వందలమంది మూగారు.

"నేనే చంపాను," అంది సుత్తక్క.

అందరూ తలలెత్తారు.

"గాలి కొట్టే వైపు ముప్పై వరసలు ముట్టుకోకూడదని కోత ప్లానులో ఉండేది. తుపాను ఏ ఏడు వస్తుందో, నిప్పు ఎటునుంచి అంటుకుంటుందో, ఏ పురుగు పడుతుందో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టే వాటిని వదిలారు. లోపలి చెట్లు గాలి ఎరగనివి, వేళ్లు పైపైనే ఉంటాయి, ఆ అడ్డు పోతే నిలవవు. ఎప్పుడో వచ్చే తుపానుకి జడిసి ఇంత కలప నిలబెడతామా అని పోయిన నెల అటవీ ఆఫీసరు ఆ మాట కొట్టేశాడు. ఉద్యోగం పోతుందని పన్నెండు వరసలకి నేనే ముద్రేశాను."

రంపంవాడి పెళ్లాం లేచి వచ్చి ఆమె చెంప పగలగొట్టింది. రెండోదీ కొట్టింది. ఎవరూ ఆపలేదు. మూడోసారి లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇంకా ఎన్ని మిగిలాయి?"

"పద్దెనిమిది."

"రేపు ముద్రేస్తావా?"

"చెయ్యి నరికినా వెయ్యను."

రంపాలకు పదునుపెట్టే ముసలాయన విసుక్కున్నాడు. "నువ్వు కాకపోతే ఇంకోడు వేస్తాడు. పని ఆగితే పొయ్యిలో పిల్లి లేవదు. పిల్లలకేం పెడతారర్రా?"

"మామా, ఇవాళ ఇతను. రేపెవరో తెలీదు," అంది రంపంవాడి పెళ్లాం. "ఆ తెలీనిదంతా మన నెత్తినే ఎందుకుండాలి? కలప వాళ్లకి, గాలి మనకా?"

ముసలాయన చేతిలో ఆకురాయి పక్కన పడేశాడు.

తెల్లారి కలప కంట్రాక్టరు రెండు జీపుల్లో తుపాకులవాళ్లను తెచ్చాడు. అప్పటికే జనం పద్దెనిమిది వరసల ముందు నిలబడి ఉన్నారు.

"ముద్రెయ్యవే," అన్నాడు కంట్రాక్టరు.

"వెయ్యను."

ఆమె కుడిచేతిని మొద్దుమీద పెట్టి తుపాకి మడమతో కొట్టారు. వేళ్లు ఎండుపుల్లల్లా విరిగాయి. మేస్త్రీ సుత్తి లాక్కుని మొదటి చెట్టు మీద ముద్ర వేశాడు.

రెండో దెబ్బ పడలేదు. రంపంవాడి పెళ్లాం గునపంతో అతని భుజం చీల్చింది. ఆ వెంటనే జనం కట్టతెగినట్టు మీదపడ్డారు. గొడ్డలి కామలు లేచాయి, జీపు అద్దాలు పగిలాయి, కంట్రాక్టరు చక్రాల కింద దూరాడు. తుపాకి పేలింది.

నేలకొరిగింది ముసలాయన. అందరికంటే ముందుకు రమ్మని ఆయన్నెవరూ పిలవలేదు. గుండెల్లోంచి రక్తం కారుతుంటే, "కదలకండర్రా!" అని ఒక్క మాట అన్నాడు.

ఎవరూ కదలలేదు. పోలీసులు వచ్చి దొరికినవాళ్లను దొరికినట్టు చితకబాది, సుత్తక్కనీ రంపంవాడి పెళ్లాన్నీ జుట్టు పట్టి ఈడ్చి వ్యానులో పడేశారు.

రంపంవాడి పెళ్లాం కొంగు చింపి సుత్తక్క వేళ్లకు కట్టింది. "నీ మీద కోపం చావలేదు."

"చావకూడదు," అంది సుత్తక్క పళ్లబిగువున.

వ్యాను పది గజాలు కదిలి ఆగిపోయింది. పొద్దున్నించీ ఎదురుకొండ మీద రొదపెడుతున్న రంపం మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అక్కడి కోతవాళ్లు దిగొచ్చి, మిషన్లు దారికడ్డంగా దించి, వాటిమీదే కూర్చుంటున్నారు.

"లేవండ్రా, తొక్కించేస్తా!" అరిచాడు ఇన్‌స్పెక్టరు.

ఒంటినిండా రంపపుపొట్టు ఉన్న మనిషి కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"మా కొండ మీదా గాలివైపు నరికించారు. ఇంకేం మిగిలిందో సుత్తక్కొచ్చి చూసి చెప్పాలి. ఆవిణ్ణి దింపు."

అతని వెనక, కొండమీంచి జనం ఇంకా దిగుతూనే ఉన్నారు.