నలభై ఒకటో పేజీ

ఉడతకూ పిచ్చుకకూ తేడా ఏమిటని అడిగితే మేస్త్రి అరగంట ఆపకుండా చెప్పగలడు. నిజానికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రెండూ లినక్సులే. లినక్సంటే కంప్యూటరు నడవడానికి ఊరికే దొరికే సామాను. ఎవరి చేతనైనట్టు వాళ్ళు దాన్ని కూర్చుకుని, నచ్చిన పేరు పెట్టుకుని లోకం మీదికి వదలొచ్చు. అలా వదిలినవి వందలకొద్దీ ఉన్నాయి. ఉడత, పిచ్చుక ఒకే తల్లి పిల్లలు. మూలన పడేసిన పాత కంప్యూటర్లను లేపి కూర్చోబెట్టడానికే రెండూ పుట్టాయి. అయినా ఉడతను నలభై వేలమంది వాడేవారు. పిచ్చుకను మూడొందలమంది కూడా ఎరిగేవారు కాదు.

ఎందుకయ్యా ఇలా అంటే మేస్త్రికి సందేహమే లేదు. ఉడతను కట్టింది తను కదా. పగలంతా ఒక ప్రెస్సులో కంప్యూటర్లు బాగుచేసి, సాయంత్రాలు ఆరేళ్ళపాటు కూర్చుని కట్టాడు. ఉడత వాడేవాళ్ళంతా సందేహాలు అడిగే ఫోరం ఒకటుంది, మేస్త్రి అనే పేరు అక్కడ పడిందే. మీట నొక్కిన పదకొండు సెకన్లకు ఉడత లేస్తుంది. పిచ్చుకకు పధ్నాలుగు పడుతుంది. అదీగాక, ఉడతను ఎలా వాడాలో రెండొందల పన్నెండు పేజీల పుస్తకం రాసిపెట్టాడు. ఎవరేం అడిగినా అందులో పేజీ నంబరు చెప్పి ఊరుకునేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, ఏం చేస్తాం.

ఒక కాలేజీవాళ్ళు ఆయన్ని ఉపన్యాసానికి పిలిచారు. ఇన్ని లినక్సులుండగా ఉడతే ఎందుకు నెగ్గిందో చెప్పమన్నారు. పెద్దవాళ్ళు వస్తారు, ఫోరం కూడా చూస్తారు, ఇల్లు కాస్త శుభ్రంగా ఉండాలి కదా అని మేస్త్రి ఫోరాన్ని దులపడం మొదలుపెట్టాడు. ఎక్కడ చూసినా ఒకటే పేరు కనబడింది: చెవి.

ఆ చెవి ఎవరో ఎవరికీ తెలియదు. ఉడత పెట్టుకున్న ప్రతి పది మందిలో ఒకరికి తెర నల్లగా ఉండిపోయేది. వాళ్ళు వచ్చి అడిగేవారు. చెవి ప్రతిసారీ కొత్తగా, అరపేజీ జవాబు రాసేది. ముందు ఏ మీట నొక్కాలి, నొక్కాక ఏం కనబడుతుంది, కనబడకపోతే కంగారుపడొద్దు, నేనిక్కడే ఉన్నాను. మధ్యలో మీ పాపకు జ్వరం తగ్గిందా అనే పలకరింపు ఒకటి. ఇదే జవాబు తొంభైసార్లు! మేస్త్రికి ఒళ్ళు మండింది. అందరికీ కనబడేలా ఇలా రాశాడు: "ఇదంతా నలభై ఒకటో పేజీలో ఉంది. చెప్పిందే చెప్పే అరిగిపోయిన రికార్డులు ఇక్కడ అక్కర్లేదు. తెలియనివాళ్ళు తెలియనివాళ్ళకు పాఠాలు చెప్పడానికి ఇది సత్రం కాదు."

రాసి, చెవి మళ్ళీ ఫోరం లోపలికి రాకుండా తలుపు మూసేశాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటారే, అది. ఇద్దరు ముగ్గురు అదేమిటి మేస్త్రీ అని అడిగారు. పుస్తకం చదవడం నేర్చుకోండి అన్నాడు. వాకిలి ఊడ్చినంత తృప్తిగా పడుకున్నాడు.

ఉపన్యాసం రోజున ముందు వరసలో వాళ్ళమ్మా, పిన్నీ కూర్చున్నారు. పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరయిన మనిషి. మూడేళ్ళ కిందట ప్రెస్సులో పారేయబోయిన కంప్యూటరు ఒకటి తెచ్చి, ఉడత ఎక్కించి, "వాడుకో పిన్నీ" అని ఇచ్చాడు. ఇచ్చాక మళ్ళీ దాని మొహం చూసింది లేదు.

పదకొండు సెకన్ల గురించి చెప్పాడు. పుస్తకం గురించి చెప్పాడు. తన డప్పు తానే శుభ్రంగా వాయించుకున్నాడు. చివర్లో ఒకాయన లేచి, "ఫోరంలో చెవిగారు కనబడటం లేదేమండీ?" అని అడిగాడు.

"ఆ, ఆ అరిగిపోయిన రికార్డా? చెవులు మావే కదండీ నొప్పెట్టేది. తీసి పక్కన పెట్టాం" అన్నాడు మేస్త్రి.

హాలంతా నవ్వింది. పిన్ని కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. కిందికి దిగాక నీళ్ళసీసా అందించి, "బాగా మాట్లాడావు నాన్నా. గొంతు ఎండిపోయుంటుంది, తాగు" అంది.

ఆ తర్వాత నాలుగు నెలలకు ఉడత బతుకు తలకిందులైంది. ఫోరంలో ప్రశ్నలు పడున్నాయి, పలికే నాథుడు లేడు. కొత్తవాళ్ళు రావడం మానేశారు, ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నలభై వేలమంది ఇరవై వేలకు దిగారు. అవతల పిచ్చుక రెక్కలు విదిల్చింది. ఏం మందు పెట్టారో చూద్దామని మేస్త్రి పిచ్చుకను తెచ్చి తన మిషన్లో ఎక్కించాడు, గడియారం పెట్టి చూశాడు. అదే పధ్నాలుగు సెకన్లు. ఈ చిదంబర రహస్యం ఏమిటో ఆయన బుర్రకు అందలేదు.

ఒక ఆదివారం పొద్దున వాళ్ళమ్మ ఆయన్ని పిన్నింటికి తరిమింది, అరువిచ్చిన కుట్టుమిషను తీసుకురమ్మని. వెళ్ళేసరికి పిన్ని కంప్యూటరు ముందుంది.

"రా నాన్నా. కూర్చో, పాలు పొంగుతాయేమో చూసొస్తా" అని లోపలికి వెళ్ళింది.

తెర మీద పిచ్చుక ఫోరం తెరిచుంది. సగం రాసిన జవాబొకటి ఉంది. "కంగారుపడొద్దు, నేనిక్కడే ఉన్నాను." పైన రాసేవాళ్ళ పేరు: చెవి.

హాలు, నవ్వు, ఆ కళ్ళజోడు తుడుచుకోవడం, అన్నీ ఒక్కసారి వచ్చి మేస్త్రి మీద పడ్డాయి. భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. మనం అడిగినప్పుడు అదెప్పుడు చీలింది గనక.

పిన్ని పాలగ్లాసుతో వచ్చి, ఆయన మొహం చూసింది, తెర చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నువ్వేనా పిన్నీ?"

"నేనేరా."

"ఆ రోజు అంతమందిలో నేనలా వాగుతుంటే, నేనే అని లేవకపోయావా?"

"ముందు వరసలోంచి లేచి నేనే అంటే నీ పరువేం కావాలి? నువ్వు స్టేజీ మీదున్నావు" అంది పిన్ని మామూలుగా.

తన పరువు ఆయన పదిమందిలో తీస్తుంటే ఆవిడ ఆయన పరువు కాపాడుతూ కూర్చుందన్నమాట. మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. "మళ్ళీ వచ్చెయ్ పిన్నీ. అందరి ముందూ తప్పు నాదేనని రాస్తాను" అన్నాడు.

"రాయి, మంచిదే. కానీ నేను రాను. అలిగి కాదురా. ఆ పిచ్చుకను కట్టిన పిల్లాడు నేను రాసే జవాబులు కూర్చుని చదువుతాడు. ఒకటే ప్రశ్న పదిసార్లు వస్తే, లోపం మాదే అమ్మా అని పిచ్చుకనే సర్దుతాడు. ఇప్పుడు నల్లతెర గురించి అక్కడ ఎవరూ అడగరు."

అంతకాలం తను కూర్చున్న కొమ్మ ఏదో, దాన్ని నరికింది ఎవరో మేస్త్రికి అప్పుడు బోధపడింది. "నువ్వూ పిచ్చుకే పెట్టుకున్నావా అయితే?" అన్నాడు.

"లేదే. నువ్వు పెట్టి ఇచ్చింది ఎలా తీస్తాను? రెండిటికీ తేడా ఏముంది, జవాబులు దీన్లోంచే చెబుతా" అంటూ పిన్ని, చూపించడానికన్నట్టు, కంప్యూటరు ఆపి మళ్ళీ మీట నొక్కింది.

పదకొండు సెకన్లయింది. తెర నల్లగా ఉండిపోయింది. పిన్ని ఆ నలుపులోకి చూస్తూ అలవాటైన వేళ్ళతో ఏవో నాలుగు మీటలు కొట్టింది. తెర వెలిగింది.

"రోజూ ఇంతేనా?" అని అడిగాడు మేస్త్రి.

"మూడేళ్ళనుంచీ."

"నాకు చెప్పొచ్చు కదా పిన్నీ."

పిన్ని బల్ల సొరుగులోంచి లావుపాటి నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టి, కుట్టుమిషను మూత వెతకడానికి లోపలికి వెళ్ళింది. ఎక్స్ఛేంజిలో వచ్చిన ప్రతి ఫోనుకూ చీటీ రాసినట్టు, అందులో సందేహం అడిగిన ప్రతి మనిషికీ నంబరు వేసి రాసుకుంది. మేస్త్రి మొదటి పేజీ తిప్పాడు.

"ఒకటో నంబరు. అడిగింది నేను. తెర నల్లగా ఉంది. అబ్బాయికి ఫోన్ చేశాను. నలభై ఒకటో పేజీ చూసుకోమన్నాడు. చూశాను, అర్థం కాలేదు. పనిలో ఉన్నట్టున్నాడు, మళ్ళీ అడగలేదు. నా తర్వాత వచ్చేవాళ్ళకైనా అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి."