తల్లి మూట, పిల్ల పెట్టె

"లిబ్ లేదు!" అని ఆసుపత్రి కంప్యూటర్లు చూసే వైర్ల బాబాయి ల్యాబ్ కంప్యూటర్ ముందు కేక పెట్టాడు. వరండాలో ఉన్న నర్సు అది "లిఫ్ట్ లేదు" అని విని, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న పెద్దావిడ స్ట్రెచర్ని మెట్ల దగ్గరే ఆపేసింది. డాక్టరమ్మ రెండంతస్తులు దిగి ఆయాసపడుతూ వచ్చింది.

"లిఫ్ట్ సంగతి తర్వాత చూద్దాం. పొటాషియం రిపోర్టేదయ్యా? అది చూడందే పెద్దావిడకు మత్తివ్వలేం. ఆలస్యమైతే మెలిపడ్డ పేగు కుళ్ళిపోతుంది!"

"ఐదు నిమిషాలు, మేడమ్."

ఆ ఐదు నిమిషాల మాట చెప్పడం నాలుగోసారి. చెమటకి మౌసు చేతిలోంచి జారిపోతోంది.

తప్పు తనదే. రక్తపరీక్ష మెషిన్ కోసం పొద్దున కొత్త ప్రోగ్రాం వచ్చింది. అది తల్లి లినక్స్‌కి, అంటే కంప్యూటర్ని నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌కి, కుట్టిన చొక్కా. ల్యాబ్ కంప్యూటర్లో ఉన్నదేమో దాన్నుంచి పుట్టిన పిల్ల లినక్స్. "ఒకే రక్తం కదా, రక్తపరీక్షకు పనికిరాదా?" అని తన జోకుకు తానే నవ్వుకుని, తల్లి సరుకుల గోదాం అడ్రసు పిల్లకిచ్చేశాడు. గోదాం నుంచి లైబ్రరీలనే కొత్త సామానొచ్చి పాతదాన్ని గెంటేసింది, సగంలో ఆగిపోయింది. ఇప్పుడు పాత ప్రోగ్రామూ లేవదు, కొత్తదీ లేవదు. బాబాయి గుండె మాత్రం లేచి గొంతులో కూర్చుంది.

"రక్తం వేరే ల్యాబ్‌కి పంపనా బాబాయ్?" అంది ల్యాబ్ అమ్మాయి.

"పోయి రావడానికే గంట, అమ్మడూ!"

గోడ గడియారం వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. కౌంటర్ మీద అపాయింట్‌మెంట్ల కంప్యూటర్ కనిపించింది. దాని నెత్తిన ఎప్పుడో తనే అంటించిన టేపు: "తల్లి. ముట్టుకోవద్దు."

"లేవమ్మా, లేవమ్మా!" అని కౌంటర్లో కూర్చున్నావిడను లేపేసి, దాన్ని మోసుకొచ్చి మెషిన్ కేబుల్ తగిలించాడు. ప్రోగ్రాం ఎక్కించాడు. నీలం గీత తొంభై శాతం దగ్గర నిలబడింది. ఊపిరీ నిలబడింది. గీత కదిలింది.

అమ్మడు ముందు ఫలితం తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి సరిచూసింది, తర్వాత పెద్దావిడ రక్తం పెట్టింది.

పొటాషియం నాలుగు పాయింట్ రెండు. ఉండాల్సినంతే ఉంది.

"హమ్మయ్య! స్ట్రెచర్ పైకి పంపండి!" అంది డాక్టరమ్మ.

"లిఫ్ట్ లేదుగా మేడమ్?" అంది నర్సు.

"లిఫ్ట్ ఉంది తల్లీ, లేనిది లిబ్! అంటే లైబ్రరీ, ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే సామాను." బాబాయి అందరి వైపూ తిరిగాడు. "పోలికలు చూసి మోసపోయాను. తల్లి మూట తెచ్చి పిల్ల పెట్టెలో కుక్కాను. మొహాలొకటే గానీ కొలతలు వేరు. తప్పు నాది, మెషిన్‌ది కాదు."