చెవిమూతలు

దుప్పటి రెండు మూలలూ పట్టుకుని అతను వెనక్కి నడిచాడు. అవతలి మూలలు పట్టుకుని అక్క వెనక్కి నడిచింది. బట్ట బిగుసుకుంది. ఒక్క విదిలింపు, ఒక మడత, మళ్ళీ ఒక మడత. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చాక ఆమె తన మూలల్ని అతని వేళ్ళలో పెట్టి చేతిమీద చిన్నగా తట్టింది. మడత అయిందనడానికి అది గుర్తు. ఎవరైనా తాకితే ఒళ్ళు జలదరించే మనిషి అతను. ఆ ఒక్క తట్టు మాత్రం కావాలి. అది పడకుండా ఇన్నేళ్ళలో ఏ దుప్పటీ దొంతర ఎక్కలేదు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. పొడుగాటి షెడ్డులో ఒకవైపు ఉతికే మెషిన్లు, ఒకవైపు ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో మడతల బల్ల. అక్క అంటే తోడబుట్టింది కాదు, ఆ బల్ల దగ్గర జోడీ. ఆవిడ నోటికి సెలవు లేదు. కోడలి దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ నొప్పుల దాకా చెబుతూనే ఉంటుంది. అతను వినడు, ఆవిడా వినమనదు. అందుకే ఇద్దరికీ పడింది. మూల ఇసుమంత తేడా వచ్చినా విప్పి మళ్ళీ మడుస్తాడని షెడ్డులో అతన్ని 'మూలలాయన' అంటారు. ఎగతాళికే పెట్టారు గానీ, ఆ పేరు అతనికి నచ్చింది. ఉన్నమాటే కదా.

పని చేస్తున్నంతసేపూ తలకి నల్లటి చెవిమూతలుంటాయి, పని అయ్యాక బల్ల పక్క గోడ మేకుకి వేలాడతాయి. మెషిన్ల రొద మిగతావాళ్ళకి రొదే. అతనికి పంటికింద ఇసుక కరకరలాడినట్టుంటుంది. మూతలు పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది గానీ, బయటి చప్పుడు ఆగినచోట లోపలి గొంతు లేస్తుంది. ఎప్పుడో పోయిన నాన్న గొంతు. "చేతకాని వెధవా, మళ్ళీ మడువు." మందులు తప్పకుండా వేసుకుంటాడు. అప్పుడది గొణుగుడు దాకా తగ్గుతుంది, పోదు. మరీ పెరిగిన రోజున మూతలు తీసేసి, అన్నిటికంటే పెద్దగా అరిచే డ్రమ్ము పక్కన పళ్ళు బిగపట్టి నిలబడతాడు. ఆ రొదలో నాన్నని ముంచేస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి మధ్య సందులోనే ఇన్నాళ్ళూ ఉద్యోగం చేశాడు.

నిన్న గోడకి నోటీసు అంటించారు. ఎవడో పాటలు వింటూ, ట్రాలీ వస్తోందన్న కేక వినక కాలు నలగ్గొట్టుకున్నాడట. ఇక నుంచి చెవులకి ఎవరూ ఏమీ పెట్టుకోకూడదు.

పొద్దున బయల్దేరుతుంటే అన్న గుమ్మంలో ఆపాడు.

"రెండు రోగాలున్నాయని రెండూ చెప్పక్కర్లేదురా. ఆటిజం అని చెప్పు చాలు. అది ఇప్పుడు అందరికీ తెలిసిన మాటే, జాలి కూడా పడతారు. రెండోది మాత్రం చచ్చినా అనకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

"అవునయ్యా, మా పుట్టింటివాళ్ళకే చెప్పలేదు నేను," అంది వదిన లోపలినుంచి, అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు.

డాక్టరమ్మని ఎప్పుడు అడిగినా, "చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం," అనేది. అంతకంటే పనికిరాని సలహా లేదు. ఇష్టమేమిటో ఇంతవరకూ ఎవరూ అతన్ని అడిగిన పాపాన పోలేదు. అతనికి కావలసింది ఆ బల్ల, ఆ మేకు, ఆ మూతలు, ఆ తట్టు. అవి మిగలడానికి ఎంత చెప్పాలో అంతే చెప్పాలి.

టీ వేళకి ఓనరమ్మ గాజుగదిలోకి వెళ్ళి, బల్లమీదున్న పెన్నుల డబ్బాని చూస్తూ తయారుచేసుకొచ్చిన మాట అప్పజెప్పాడు.

"నాకు ఆటిజం ఉందండీ. చప్పుళ్ళు భరించలేను. చెవిమూతలు ఉండనివ్వండి."

ఓనరమ్మ మొహం విప్పారింది. "అయ్యో, అంతేనా! మా ఆడపడుచు కొడుక్కీ అదే. వాడికెంత తెలివో తెలుసా!" అంది. అప్పటికప్పుడు ఒక అట్టముక్క తీసి, 'ఈయనకు అనుమతి ఉంది' అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం చేసింది. "మూతలు తగిలించే మేకు కింద అంటించుకోండి. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి. మీకు కేక వినపడదు కాబట్టి ట్రాలీవాళ్ళకి నేను చెబుతాను."

అక్కడితో లేచి వచ్చేస్తే బతికిపోయేవాడు. కానీ ఆవిడ మంచి మనిషి, వచ్చిన చిక్కల్లా అదే. ఆపేక్షగా ఇంకో మాట అడిగింది.

"మరి ఒక్కోసారి అవి తీసేసి ఆ పెద్ద డ్రమ్ము పక్కన నిలబడతారేంటండీ? చాలాసార్లు చూశాను."

మనమైతే ఏదో ఒకటి అనేస్తాం. చెవులు చెమట పట్టాయంటాం, చలేసిందంటాం. అబద్ధం మనకి నాలుక చివరే ఉంటుంది. అతను ఇంటి దగ్గర ఒక్క జవాబే సిద్ధం చేసుకున్నాడు, అది అయిపోయింది.

"లోపల గొంతు వినిపిస్తుందండీ. మా నాన్నది. ఆయన లేరు. స్కిజోఫ్రెనియా అంటారు. మందులు వాడుతున్నాను."

ఓనరమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. జరిపినట్టు ఆవిడకే తెలియదు.

"ఏమంటుంది ఆ గొంతు? ఎవరినైనా... ఏమన్నా చెయ్యమంటుందా?"

"మళ్ళీ మడవమంటుందండీ."

ఆవిడ నవ్వలేదు. నవ్వించాలని అతనూ అనలేదు.

"ఇక్కడ బాయిలరుంది, కాలే రోలర్లున్నాయి. రేపు ఏదన్నా అయితే..." అని ఆగింది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. నేనే పిలుస్తాను. మీ మంచికే చెబుతున్నా. ఇవాళ్టి పని మాత్రం ముగించి వెళ్ళండి." ఆడపడుచు కొడుకు ఊసు మళ్ళీ రాలేదు.

గోడలకే చెవులుంటాయంటారు, ఆ గది తలుపు సగం తెరిచే ఉంది. భోజనాలయ్యేసరికి షెడ్డంతా పాకింది. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పొట్టిచేసి పిచ్చి అన్నారు.

ఆ మధ్యాహ్నం అక్కకి కోడలూ గుర్తురాలేదు, మోకాళ్ళూ గుర్తురాలేదు. దుప్పటి పట్టుకుని వెనక్కి నడిచింది, విదిలించింది, మడిచింది, ఎదురొచ్చింది. వచ్చి, కాస్త దూరంలోనే ఆగి, తన మూలల్ని బల్లమీద పెట్టేసింది. అతను చెయ్యి చాచే ఉంచాడు.

"అక్కా, తట్టలేదు."

"ఆ... మర్చిపోయా తమ్ముడూ," అంది బల్లవైపు చూస్తూ. తరవాతి దుప్పటికీ మర్చిపోయింది.

అతను జ్వరంతో పడుంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చూసిన మనిషి ఆవిడ. ఒక్క మాట చెవిన పడేసరికి ఇన్నేళ్ళ చెయ్యి పరాయిదైపోయింది. చెడ్డవాళ్ళ మీద కంటే ఇలాంటి మంచివాళ్ళ మీదే ఒళ్ళు మండుతుంది. "చెప్పానా, నీకేదీ చేతకాదని," అన్నాడు లోపల నాన్న.

చివరి దుప్పటి, గడ్డంకింద అదిమిపెట్టి ఒక్కడే మడిచాడు. విప్పి, మళ్ళీ మడిచాడు. పని అయ్యాక రోజూ చేసేదే చేశాడు, మూతలు తీసి మేకుకి తగిలించాడు. అట్టముక్కని దానికింద వంకర రాకుండా అంటించాడు. అంటించుకోమన్న మాట ఓనరమ్మ వెనక్కి తీసుకోలేదు మరి.

"వెళ్ళొస్తా అక్కా."

"మళ్ళీ వస్తావుగా తమ్ముడూ?"

"పిలుస్తానన్నారు."

పిలవలేదు. అక్కకి కొత్త జోడీ వచ్చింది. ఆ పిల్ల మూలలు కలిసినా కలవకపోయినా దొంతర పెరుగుతూనే ఉంది. నల్లటి చెవిమూతలు ఎవరూ తియ్యలేదు, ముట్టుకోనూ లేదు. మేకుకి అలాగే వేలాడుతున్నాయి, వాటికింద నాలుగు మూలలూ సరిగ్గా అంటుకున్న అట్టముక్క: 'ఈయనకు అనుమతి ఉంది.'